ఆదర్శ నడుము

మెదక్ పట్టణ ప్రజల నడుములను సర్కారు తన ఆధీనంలోకి తీసుకున్నదని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. ఉత్తర్వు ప్రకారం మగవారి నడుము తొంభై సెంటీమీటర్లు, ఆడవారిది ఎనభై దాటరాదు. దాటినవారు రోగులు, దాటనివారు ఆరోగ్యవంతులు. అంతే సంగతి. ఇంతకాలం ఈ డాక్టర్లు రక్తమనీ మూత్రమనీ ఎక్స్‌రే అనీ మనల్ని ఎంత తిప్పారో తలచుకుంటే ఒళ్లు మండిపోతుంది. ఒక్క టేపుతో తేలే ముచ్చటకు అంత రాద్ధాంతమా!

ఇది దారినపోయేవాడు చెబుతున్న మాట కాదు. నేను పట్టణ నడుము చైతన్య సంఘానికి గౌరవ కార్యదర్శిని. "మరి మీ నడుమెంత?" అని అడిగే కొంటె పాఠకులు ఎక్కడైనా ఉంటారు. సంఘం కార్యవర్గానికి కొలత నుంచి మినహాయింపు ఉన్నది. ఇక ముందుకు పోదాం.

పథకం అమలుకు చంద్రకాంత్ గారు నడుముల ప్రత్యేకాధికారిగా వచ్చారు. ఆయన కుర్చీలోంచి లేవాలంటే ఇద్దరు అటెండర్లు చెరో చెయ్యి పట్టుకోవాలి. అయితే కొలిచే శాఖవారిని కొలవరాదని ఉత్తర్వు ఆరో పేరాలో స్పష్టంగా రాసి ఉన్నందున ఆయన సంపూర్ణ ఆరోగ్యవంతులు. ప్రారంభోత్సవ సభలో వారు ఇలా సెలవిచ్చారు: "సోదర సోదరీమణులారా! జిల్లా ముందుకు పోవాలంటే మన పొట్టలు వెనక్కి పోవాలి. పొట్ట అనేది వ్యక్తిగత విషయం కాదు, అది ప్రభుత్వ విషయం!" మేము ఊపిరి బిగబట్టి చప్పట్లు కొట్టాము.

పైనుంచి రావలసిన టేపులు రాలేదు. వచ్చేదాకా బస్టాండు వెనుక ముప్పై ఏళ్లుగా బట్టలు కుడుతున్న టైలర్ జహంగీర్‌ను అధీకృత కొలతదారుగా నియమించారు. మొదటిరోజు మూడు వందల మందిని కొలిస్తే రెండు వందల అరవై మంది రోగులని తేలింది. చంద్రకాంత్ గారు కంగారుపడి విచారణ జరిపించారు. జహంగీర్ చేతి అలవాటు కొద్దీ ప్రతి నడుముకూ రెండంగుళాల లూజు కలిపి చెబుతున్నాడని బయటపడింది.

"ఎందుకు కలిపినవయ్యా?" అని అధికారి గద్దించారు.

"ఉతికితే దగ్గరవడ్తది గద సాబ్," అన్నాడు జహంగీర్.

ఆ రెండంగుళాలను రద్దు చేస్తూ సాయంత్రానికి మెమో వచ్చింది. ఒక్క మెమోతో నూట ఎనభై మందికి రోగం నయమైంది. వైద్యచరిత్రలో ఇటువంటిది జరిగినట్టు నేనెక్కడా చదవలేదు.

ఊరు చూస్తుండగానే మారిపోయింది. కొలతలు సోమవారం గనుక ఆదివారం ఊరంతా ఉపవాసం. సోమవారం మధ్యాహ్నం హోటళ్లలో కూర్చోవడానికి చోటు దొరకదు. ఊపిరి బిగబట్టడం నేర్పే కోచింగ్ సెంటర్లు రెండు వెలిశాయి. పెళ్లిచూపుల్లో జాతకం పక్కన పెట్టి కొలత కార్డు అడుగుతున్నారు. రెవెన్యూ ఆఫీసులో పనిచేసే రజని నడుము ఐదు నెలల్లో పద్దెనిమిది సెంటీమీటర్లు పెరిగితే, ఎందుకు పెరిగిందో రాతపూర్వకంగా తెలపాలని నోటీసు ఇచ్చారు. ఆమె మూడు నెలల గడువు కోరింది. గడువులోపలే ఆమె సంజాయిషీ మూడు కిలోల బరువుతో పుట్టింది. మరుసటి సోమవారమే, అతి వేగంగా నడుము తగ్గించుకున్నందుకు ఆమెకు ప్రశంసాపత్రం కూడా అందింది.

దవాఖానలో ఏర్పాట్లు ఇంకా మెచ్చదగినవి. గేటు దగ్గరే కొలత. గీత దాటినవారికి ఎర్ర కార్డు, లోపల డాక్టరు, మందులు. దాటనివారికి ఆకుపచ్చ కార్డు, ఒక నమస్కారం, ఇంటికి తోవ. ఆరోగ్యవంతులకు వైద్యం చేసి సర్కారు సొమ్ము వృథా చేయరాదు కదా.

ఈ గేటు దగ్గరికే ఒక సోమవారం మల్లేశం వచ్చాడు. మార్కెట్ యార్డులో హమాలీ. ఒకప్పుడు వీపు మీద ఒక బస్తా ఉండగానే రెండోది వెయ్యమనేవాడు. భార్య కిష్టవ్వ అతన్ని రెక్క పట్టుకుని తీసుకొచ్చింది. జహంగీర్ టేపు చుట్టాడు. డెబ్బై ఒకటి. చంద్రకాంత్ గారు ఇద్దరు అటెండర్ల సాయంతో లేచి నిలబడ్డారు.

"అద్భుతం! జిల్లాలో ఇటువంటి నడుము లేదు!"

"సారూ, గీయన మంచిగ లేడు," అన్నది కిష్టవ్వ. "బిందెలకు బిందెలు నీళ్లు తాగుతుండు, రాత్రి పదిసార్లు లేస్తుండు. మస్తు తింటుండు గని పెయ్యికి పడ్తలేదు. బస్తా ఎత్తవోతే కండ్లు తిరుగుతున్నయంట. జర లోపల డాక్టరుకు చూపియ్యుండ్రి, మీకు దండం పెడ్త."

"మస్తు తింటాడు, ఒంటికి పట్టదు! ఇదే కదమ్మా రాష్ట్రమంతా కోరుకుంటున్నది!" అని అధికారి గబగబా రాసుకున్నారు.

జహంగీర్ మాత్రం తన కొలతల నోట్‌బుక్ తీశాడు. అతను దాన్ని ఎప్పుడూ చంకలోనే పెట్టుకుంటాడు. "సాబ్, దసరాకు ప్యాంటు కుట్టిన, ముప్పై నాలుగు. ఉగాదికి ముప్పై ఒకటి. గిప్పుడు ఇరవై ఎనిమిది. గిట్ల దిగిన మనిషి ఎవ్వలు మంచిగున్నది నేను చూడలే. ఎంతున్నదని కాదు సాబ్, ఎంతలకెల్లి ఎంతకొచ్చిందో చూడుండ్రి."

నోట్‌బుక్ చూడడానికి నిబంధనల్లో వీలు లేదు. మల్లేశానికి ఆకుపచ్చ కార్డు ఇచ్చారు.

ఆ వారమే అతన్ని 'ఆదర్శ నడుము'గా ప్రకటించి, చౌరస్తాలో బొమ్మ కట్టించి సన్మానించాము. కప్పిన శాలువా భుజాల మీద నిలవక జారిపోతుంటే వెనుక ఒకరిని పట్టుకోమన్నాము. మాట్లాడమంటే మైకు ముందు కళ్లు మూసుకుని నిలబడ్డాడు. నోట మాట రాలేదు. ఎంత వినయమో అని మేము ముచ్చటపడ్డాము. 'మల్లేశం పద్ధతి' అని నాలుగు పేజీల కరపత్రం నేనే స్వయంగా రాశాను. దాని ప్రకారం రోజుకు నాలుగు బిందెల నీళ్లు తాగాలి, రాత్రి పదిసార్లు లేవాలి, బరువులు ముట్టరాదు, మాటకు ముందు నిమిషం సేపు కళ్లు మూసుకుని గోడను పట్టుకోవాలి. ఊరు ఊరంతా పాటించింది. నర్సాపూర్ నుంచి కూడా కాపీలు కావాలని ఫోన్లు వచ్చాయి. మల్లేశం వీధిలో కనబడితే చాలు, పదిమంది చుట్టుముట్టి, "జర మాకు గూడ చెప్పరాదే, ఏం తింటున్నవ్?" అని బతిమాలేవారు.

రెండోసారి గేటు దగ్గరికి వచ్చేసరికి అతను అరవై ఎనిమిది. మళ్లీ ఆకుపచ్చ కార్డు, ఈసారి రెండు నమస్కారాలు. మూడోసారి మార్కెట్ యార్డులో పడిపోతే ఆటోలో వేసుకొచ్చారు. అరవై ఆరు. కిష్టవ్వ గేటు ఊచలు పట్టుకుని ఏడ్చింది. "నా మనిషి నా కండ్ల ముంగటనే కరిగిపోతుండు, మీకు కనవడ్తలేదా!" అని అరిచింది. విజయాన్ని తట్టుకోలేని కుటుంబాలు కొన్ని ఉంటాయి, ఏం చేస్తాం.

జహంగీర్ ఆ పూట దుకాణం షట్టరు దించి లోపల కూర్చున్నాడు. పాత బొంతలోని దూది తీసి, మెత్తటి గుడ్డలో పరిచి, మల్లేశానికి ఒక పొట్ట కుట్టాడు. పనితనం మాత్రం ఒప్పుకోవాలి. ముందు కొంచెం కిందికి జారి, పక్కలకు ఒరిగి, అచ్చం ఆఫీసులో పాతికేళ్లు సర్వీసు చేసిన పొట్ట. మరునాడు దాని మీద చొక్కా తొడిగి గేటుకు తెచ్చి, తానే టేపు చుట్టి గట్టిగా అరిచాడు: "తొంభై రెండు!"

చంద్రకాంత్ గారి ముఖం పాలిపోయింది. "ఒక్క రాత్రిలో ఇంత పతనమా మల్లేశం?" అన్నారు బాధగా. ఎర్ర కార్డు మీద సంతకం చేసి, దాని వైపు చూడకుండానే అటెండరుకు ఇచ్చారు.

లోపల డాక్టరు చొక్కా విప్పించగానే దూది పొట్ట ఊడి బల్ల మీద పడింది. ఆ డాక్టరు కొత్తగా వచ్చినవాడు, నిబంధనలు తెలియవు. పొట్టను పక్కన పెట్టి వేలు గుచ్చి రక్తం చూశాడు. షుగర్ ఎంత ఎక్కువున్నదంటే మిషన్ అంకె చూపలేక చేతులెత్తేసింది. వెంటనే సూది వేసి, సెలైన్ పెట్టి, అంబులెన్సులో పట్నం పంపించాడు. ఇంకో రెండు రోజులు ఆగితే మనిషి దక్కకపోయేవాడని అందరికీ వినబడేలా తిట్టాడు. ఎవరిని తిట్టాడో మాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

ప్రభుత్వం ఊరుకుంటుందా! దూది పొట్టను సాక్ష్యంగా సీలు వేశారు. అనుమతి లేకుండా పొట్ట తయారుచేసినందుకు జహంగీర్‌ను పదవి నుంచి తొలగించారు. చౌరస్తాలో మల్లేశం బొమ్మను దించేశారు. నా కరపత్రం రెండో ముద్రణ కట్టలు కట్టలుగా అలాగే ఉండిపోయింది. ఆ నష్టం గురించి అడిగినవాళ్లు లేరు.

రెండు నెలల తర్వాత మల్లేశం పట్నం బస్సు దిగాడు. సంఘం వాళ్లం టీ కోసం బస్టాండులోనే ఉన్నాము. బుగ్గలు నిండాయి. చొక్కా ఒంటిని పట్టి ఉన్నది. రెండు సంచులు తానే పట్టుకుని, కిష్టవ్వకు చెయ్యిచ్చి దింపాడు. నడుము ఎనభై రెండుకు తగ్గదు. ఒక్కసారిగా అందరి గుండెలూ కలుక్కుమన్నాయి.

"ఏం మల్లేశం, లావైనవ్ గదనే!" అన్నాను నేను.

"ఎంత మంచిగుంటుండె, చెడిపోయిండు," అన్నాడు ఇంకొకాయన.

మల్లేశం నవ్వి ఊరుకున్నాడు. కిష్టవ్వ ఊరుకోలేదు. సంచి కింద పెట్టి మా ముందుకొచ్చింది.

"బొక్కలు తేలినప్పుడు ఎందుకు సన్నవడ్డవని ఒక్కలన్న అడిగిండ్రా? సప్పట్లు కొట్టిండ్రు. గిప్పుడు పానం నిలవడి ఇంటికొస్తే లావైనవంటున్నరు. మీ కండ్లు మా ఆయన నడుం మీదనే ఉన్నయి గని, మనిషి ఎట్లున్నడని మీ నోట్లెకెల్లి ఒక్క మాట వస్తలేదేందుల్లా?"

 మాలో ఒకాయన ఆమెను పైనుంచి కిందికి చూసి, తొంభై ఆరు ఉంటుందన్నాడు. కాదు, తొంభై ఎనిమిది అన్నాను నేను. అటువంటి నడుము గల మనిషి ఆరోగ్యం గురించి మనకు చెప్పేదేమిటని అందరం ఏకగ్రీవంగా తీర్మానించి టీ తాగాము. ఆ పూట మీరు అక్కడ లేరు. ఉంటే మీ అంచనా ఎంతో మీరూ చెప్పేవారే.