ఫార్మాట్ చేయవలసిన ఊరు

లంక పైడిరాజు తుక్కు కొట్లో కొన్న పాత హార్డ్ డిస్కులో ఒక ఊరు కాపురముంటోందన్న సంగతి, దాన్ని కంప్యూటరుకు తగిలించిన రోజు పొద్దున తెలిసింది. లోపలున్నదంతా చెరిపేసి డిస్కును ఫార్మాట్ చెయ్యమంటారా అని కంప్యూటరు అడిగింది. ఆయన చెయ్యమని నొక్కబోతుంటే కేబులు పెట్టే సందులోంచి బొటనవేలంత ముసలావిడ తల బయటపెట్టి, కాస్త ఆగమని చేత్తో సైగ చేసింది.

పైడిరాజు ఆశ్చర్యపోలేదు, విసుక్కున్నాడు. పాత సామాను కొన్నప్పుడు ఇలాంటివి మామూలే. వెనక వీధిలో ఒకరు కొన్న కుట్టు మిషనులో ప్రాథమిక పాఠశాల ఒకటి బయటపడింది. దాన్ని వేరే చోటికి మార్పించడానికి వాళ్లు ఏడాది పొడుగునా ఆఫీసుల చుట్టూ తిరిగారు. అది గుర్తొచ్చి ఆయన మౌసు పక్కన పెట్టి, ముందు ఆవిడ పేరూ ఊరి పేరూ అడిగాడు.

ఆవిడ పేరు నీలమ్మ. ఊరు జీడిగుమ్మి. ఆనకట్ట నీళ్లలో ఆ ఊరు మునగబోయే ముందు సర్కారువాళ్లు వచ్చి ఇళ్లు, పొలాలు, చింతచెట్లు, మేకలు అన్నీ కొలిచి, ఆ వివరాలు ఒక డిస్కులోకి ఎక్కించారట. వివరాలు ఎక్కడుంటే మనుషులూ అక్కడే ఉండాలన్నది నిబంధన కాబట్టి ఊరంతా వాటి వెంట లోపలికి వెళ్లిపోయింది. కొన్నాళ్లకు ఆఫీసులో పాత సామాను వేలం వేశారు. డిస్కు చేతులు మారి మారి తుక్కు కొట్టుకు చేరింది.

"ఇక్కడ తూరుపేదో తెలీక మొదట్ల శానా తికమకపడిపోనాం బాబూ," అంది నీలమ్మ. "ఆకరికి ఆ నీలం దీపం ఉన్న పక్కే తూరుపనుకున్నాం. గుమ్మాలన్నీ అటే ఎట్టుకున్నాం."

పైడిరాజుకు మార్కెట్టు వీధిలో కళ్లజోళ్ల దుకాణం ఉంది. ఎవరికీ అపకారం చేసే మనిషి కాడు. ఆయనకు కావలసిందల్లా ఒక మ్యూజిక్ ప్లేయరులోని పాటల్ని భద్రంగా ఇంకో చోట దాచుకోవడం. ఆ పాటలు ఆయన భార్య ఇందుమతివి. ఆవిడ ఎక్కడా కచేరీలు చెయ్యలేదు. గిన్నెలు తోముతూ, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, పిల్లకు జడ వేస్తూ పాడేది. ఆయన వెనకాల నిలబడి వాటిని ఆ ప్లేయరులోకి ఎక్కించేవాడు. తరవాత ఆవిడ గొంతులో గడ్డ లేచింది. ఆపరేషనులో స్వరపేటిక తీసేశారు. అప్పట్నుంచీ ఆవిడ పెదవులు మాత్రమే కదుపుతుంది. ఆ కదలిక చదవడం పైడిరాజు ఒక్కడికే పట్టుబడింది. కన్నకూతురికి కూడా సగమే అర్థమవుతుంది.

ఇప్పుడు ప్లేయరు బ్యాటరీ ఉబ్బి వెనక మూత లేచిపోయింది. ఇది ఏ రోజైనా ఆగిపోవచ్చని రిపేరు షాపతను చెప్పాడు. పాటలు ఇంకెక్కడా లేవు.

నీలమ్మతో వాదించడం ఇష్టంలేక పైడిరాజు పునరావాసం ఆఫీసుకు వెళ్లి సంగతి చెప్పాడు. అక్కడ ఉమాపతి అనే అధికారి, శాంతంగా మాట్లాడే మనిషి, మర్నాడే ఇంటికి వచ్చాడు. పైడిరాజు దుకాణంలోంచి తెచ్చిన భూతద్దంతో డిస్కు సందులోకి చాలాసేపు చూసి, గుళ్లూ బావులూ లెక్కలో ఉన్నాయని, ఊరు నిబంధనల ప్రకారమే ఉందని చెప్పాడు. పైడిరాజుకు ప్రాణం లేచొచ్చింది. అలాగైతే వాళ్లని అక్కడే ఉండనిచ్చి తాను వేరే డిస్కు కొనుక్కుంటానన్నాడు.

అది కుదరదని ఉమాపతి వివరించాడు. ఆ రకం ప్లేయరు తన జీవితంలో ఒక్క డిస్కునే గుర్తుపడుతుంది. నిన్న ప్లేయరు కూడా అదే కంప్యూటరుకు తగిలించి ఉంది కాబట్టి దీన్ని గుర్తుపట్టేసింది. పైగా ఫార్మాట్ చెయ్యమంటారా అని కంప్యూటరు ఒకసారి అడిగిందంటే ఆ డిస్కు ప్రజావసరానికి తీసుకున్నట్టే. దాన్ని వెనక్కి తీసుకునే అధికారం తనకే కాదు, తన పైవాళ్లకు కూడా లేదన్నాడు. తాను ఇంకా ఏమీ నొక్కలేదు కదా అన్నాడు పైడిరాజు. నొక్కడం చివర్లో జరిగే లాంఛనమని ఉమాపతి చెప్పాడు. తాను ఏం చేసినట్టో, ఎప్పుడు చేసినట్టో పైడిరాజుకు అంతుపట్టలేదు.

మరి వీళ్లెక్కడికి పోతారన్న దానికి ఉమాపతి దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. పాటలు బయటికి వచ్చేస్తే ప్లేయరు ఖాళీ అవుతుంది. ఊరు అందులోకి వెళుతుంది.

"అది పాడైపోతోందనే కదండీ పాటల్ని తీసేస్తున్నాం," అన్నాడు పైడిరాజు.

"పాటలు పాడైపోతాయి రాజుగారూ," అన్నాడు ఉమాపతి. "మనుషులు సర్దుకుంటారు."

ఆయన ఆ మాట కటువుగా అనలేదు. చాలా చోట్ల చూసినవాడు చెప్పినట్టు చెప్పాడు. పైడిరాజు తల ఊపాడు. ఎందుకు ఊపాడో తనకే తెలియలేదు.

ఆదివారం భోజనాల బల్ల మీద గ్రామసభ పెట్టారు. డిస్కు ముందు మైకు ఉంచారు. అభ్యంతరం ఉన్నవాళ్లు మైకుకు వినబడేలా చెప్పాలని, వినబడినవాటినే అభ్యంతరాలుగా పరిగణిస్తామని ఉమాపతి చదివాడు. సందులోంచి ఊరి జనం ఒకరి భుజాల మీద ఒకరు నిలబడి అరిచారు. చేతులూపారు. ఒకామె చంటిబిడ్డను పైకెత్తి చూపించింది. మైకు మీద శబ్దం చూపించే గీత కదలలేదు. ఇంత చిన్న గొంతుల్ని నమోదుచేసే పరికరం తమ విభాగానికి ఇంకా మంజూరు కాలేదని ఉమాపతి నిజంగానే నొచ్చుకుంటూ చెప్పాడు.

అప్పుడు ఇందుమతి కుర్చీలోంచి లేచింది. మైకు దగ్గరికి వచ్చి, భర్త మొహంలోకి చూస్తూ, నెమ్మదిగా, విడివిడిగా పెదవులు కదిపింది.

"మేడంగారు ఏదో అంటున్నారు," అన్నాడు ఉమాపతి కలం పట్టుకుని. "ఏమంటున్నారు?"

ఆవిడ అన్నది పైడిరాజుకు స్పష్టంగా అర్థమైంది. నా పాటలు పోతే పోనీ, వాళ్లని కదపొద్దు అంటోంది. అందులో ఒక్క అక్షరం దగ్గర కూడా ఆయన పొరపాటు పడలేదు. ఆ గొంతు ఇంట్లో మళ్లీ వినబడటం కోసం ఆయన ఎన్నాళ్లనుంచో ఎదురుచూస్తున్నాడు. వంటింట్లోంచి ఆ గొంతు వస్తోందని పొరపాటున ఇప్పటికీ తల తిప్పుతాడు. డిస్కు వైపు చూశాడు. మైకు వైపు చూశాడు. తరవాత నోరు దానంతటదే తెరుచుకున్నట్టు మాట బయటికి వచ్చింది.

"కాఫీ తాగుతారా అని అడుగుతోందండీ."

"చక్కెర తక్కువ వెయ్యమనండి," అన్నాడు ఉమాపతి. అభ్యంతరాలేవీ వినబడలేదని రాసుకున్నాడు.

ఇందుమతి మైకు దగ్గర్నుంచి వెనక్కి జరిగింది. తరవాత వంటింట్లోకి వెళ్లి కాఫీ కలిపి తెచ్చింది.

ముందు పాటల్ని కంప్యూటరులో తాత్కాలికంగా దింపారు. అందులో వాటిని ఒక్క పూటకు మించి ఉంచడానికి అనుమతి లేదు కాబట్టి ఊరిని అదే రోజు తరలించారు. తట్టలు, తలుపులు, మేకలు, మంచాలు కేబులు గుండా ఇటునుంచి అటు నడిచి వెళ్లాయి. బావులు తెచ్చుకోవడం కుదరలేదు. నీలమ్మ అందరికన్నా చివర వచ్చింది. ప్లేయరు అంచు మీద నిలబడి అటూ ఇటూ చూసింది.

"ఇక్కడ దీపం ఎర్రగున్నాది బాబూ. ఇది తూరుపా, పడమరా?"

పైడిరాజు ఉమాపతి వైపు చూశాడు. దిక్కుల నిర్ణయం తమ విభాగం కిందికి రాదన్నాడు ఉమాపతి. తూర్పేనని పైడిరాజు చెప్పాడు. నీలమ్మ ఆ మాట నమ్మి లోపలికి వెళ్లింది. ఆ తరవాత ఆయన ఫార్మాట్ నొక్కాడు. అట్టే సేపు పట్టలేదు. పాటలు డిస్కులోకి ఎక్కాయి.

ఆ సాయంత్రం ఇంట్లో ఇందుమతి గొంతు వినబడింది. వెనకాల గిన్నెల చప్పుడు, మధ్యలో ఒకచోట చిన్న దగ్గు, పిల్లను కసురుకోవడం అన్నీ ఉన్నాయి. పైడిరాజు కళ్లజోడు తీసి పక్కన పెట్టుకుని ఏడ్చాడు. ఇందుమతి మాత్రం పక్క వాటాలో ఎవరో పాడుకుంటుంటే విన్నట్టు వింది.

అప్పట్నుంచీ ఆవిడ ఆయన వైపు తిరిగి పెదవులు కదపడం తగ్గించింది. కదిపినా ఆయనకు సరిగా అర్థమయ్యేది కాదు. ఉప్పు అంటే ఊరు అన్నట్టుండేది, రేపు అంటే లేపు అన్నట్టుండేది. చూపు మందగించిందేమోనని దుకాణంలో తానే పరీక్ష చేసుకుని అద్దాలు మార్చుకున్నాడు. తేడా రాలేదు. ఏమన్నావు ఇందూ అని రెండోసారి అడిగితే ఆవిడ చెయ్యి ఊపేసి వెళ్లిపోయేది. ఆవిడ మాట మారిందో తన చూపు మారిందో ఆయనకు తేలలేదు.

ప్లేయరును ఎప్పుడూ ఛార్జింగులోనే ఉంచాలి. కరెంటు పోతే ఉబ్బిన బ్యాటరీ కాసేపే ఆగుతుంది. అది కూడా అయిపోతే లోపల ఏమవుతుందో ఉమాపతిని అడిగితే, ఆ ప్రశ్న ఇంతవరకూ ఎవరూ అడగలేదన్నాడు. మొదట్లో కరెంటు పోగానే ఇందుమతి ప్లేయరును కొంగులో పెట్టుకుని ఇన్వర్టరున్న పక్కింటికి పరుగెత్తేది. పైడిరాజు వెనకాలే వైరు పట్టుకుని వెళ్లేవాడు. పక్కింటివాళ్లు మంచివాళ్లు. కొన్నాళ్లు తలుపు తీశారు. తరవాత తమ ఫ్రిజ్ ఆగిపోతోందన్నారు. ఇందుమతికి మోకాళ్ల నొప్పులు వచ్చాయి. కరెంటు కూడా త్వరగానే వచ్చేస్తోంది కదా అని ఇద్దరూ ఒకరికొకరు సైగ చేసుకునేవారు.

నీలమ్మ మొదట్లో రోజూ అంచు దాకా వచ్చి ఏదో ఒకటి చెప్పేది. నీళ్లు లేవనీ, మేకలు కదలడం లేదనీ, కొందరు పిల్లలు రాత్రిళ్లు లెక్కకు తక్కువవుతున్నారనీ చెప్పేది. తరవాత వారానికోసారి వచ్చేది. తరవాత రాలేదు. ఉమాపతి తనిఖీకి వచ్చినప్పుడు ఈ సంగతి చెబితే సంతోషించాడు. ఫిర్యాదులు ఆగిపోయాయంటే జనం స్థిరపడ్డారని తమ అనుభవమన్నాడు. పైడిరాజుకు ఆ లెక్క ఎక్కడో తప్పనిపించింది. కానీ ఎక్కడో పట్టుకోలేకపోయాడు. సంతకం పెట్టాడు.

ఎండాకాలంలో ఒక సాయంత్రం పాట నడుస్తుండగా కరెంటు పోయింది. ఇందుమతి చిక్కుడుకాయల పళ్లెం ఒళ్లో పెట్టుకుని చీకట్లో కూర్చుంది. పైడిరాజు విసనకర్ర అందుకుని ఆవిడకోసారి, తనకోసారి విసిరాడు. ఈసారి కరెంటు రావడానికి చాలాసేపు పట్టింది. ప్లేయరు ఎర్రదీపం మధ్యలోనే ఆరిపోయింది. వీధిలో జనం బయటికి వచ్చి సబ్‌స్టేషనువాళ్లను తిట్టుకున్నారు. కరెంటు వచ్చాక ఇద్దరూ తలలెత్తి, ఫ్యాను తిరుగుతోందా లేదా అని చూశారు. తిరుగుతోంది. ఇందుమతి మళ్లీ కాయల ఈనెలు తీయడం మొదలుపెట్టింది.