ముత్యాలయ్య వలలో పడిన మోటారుకారు

వినుడు, రసికులారా! పూర్వసముద్రము తన ఉప్పునోటితో రేయింబవళ్ళు ఘోషించు నెల్లూరి తీరమునందు, అణాలు పోయి నయాపైసలు వచ్చి పండితులును పామరులును సమానముగా తలలు గోకికొనుచున్న ఆ పుణ్యకాలమున, ముత్తుకూరికి తూర్పుగా, ఇసుకదిబ్బలే కోటగోడలుగా, తాటాకు గుడిసెలే మణిసౌధములుగా, ఎండుచేపల సౌరభమే దిక్కులకెగురు జయపతాకగా, పట్టపుపాళెమను మహానగరము వెలయుచుండెను. అందొక మహావీరుడు గలడు. తరంగతురగారోహణధురీణుడు, సకలమత్స్యకులధూమకేతువు, నాలుగు దుంగల తెప్పపై నిలిచి సముద్రుని మొగము మీదనే చుట్టపొగ వదలిన నిర్భయుడు. పేరు ముత్యాలయ్య. భార్య చెంచమ్మకు తప్ప ముల్లోకములలో ఎవరికిని భయపడడు. చెంచమ్మకు భయపడనివాడు పాళెములోనే లేడు గనుక దానిని లోపముగా ఎంచరాదు.

ఈ వీరునికి భూమి లేదు. తెప్ప లేదు, అది నేస్తుడు చిన్నపోలయ్యది. ఉన్నదెల్ల ఒక్క వల. అయినను ఆ తీరధర్మమున వల యనగా సింహాసనమే. పడిన చేపను గట్టున కుప్పలు వేయుదురు. గంగమ్మకొక వాటా, తెప్పకొక వాటా, వలకొక వాటా, చెమటోడ్చిన మనిషికొక వాటా. వల గలవాడు రెండు కుప్పల ముందు కూర్చుండును, వల లేనివాడు ఒక్క కుప్ప ముందు కూర్చుండును. రెండు కుప్పలవాడు పాళెములో మాట చెప్పును, ఒక్క కుప్పవాడు వినును. ముత్యాలయ్య తాత చెప్పెను, తండ్రి చెప్పెను, తానును చెప్పుచుండెను.

కొత్తగా పోసిన కంకరరోడ్డు ఎండకు పెనమువలె కాలునని కనిపెట్టినవాడగుటచే, వీరుడు తన వలను ఇసుక మీద గాక రోడ్డు మీదనే ఆరవేయుచుండెను. ఒకనాటి మిట్టమధ్యాహ్నమున, పందిరి క్రింద పరుండి గురకతో సముద్రఘోషకు దీటుగా బదులు చెప్పుచుండగా, పడమటి నుండి భీకరధూళిస్తంభ మొకటి లేచెను. ధాన్యలక్ష్మీవరపుత్రుడు, తవుడుమేఘమండలాధీశ్వరుడు అగు రైసుమిల్లు జయరామయ్యగారు తమ నల్లని కొత్తకారును స్వహస్తములతో నడుపుకొని వచ్చుచుండిరి. వారు నడుపుట నేర్చి వారమైనది. ఆపుట ఇంకను నేర్వలేదు.

వారు వలను చూడలేదు. వల మాత్రము కారును చూచెను! చక్రము వలను మ్రింగెను, వల చక్రమును బిగించెను, కారు గిరగిర తిరిగి రోడ్డుప్రక్క తాటిమొద్దును ఢీకొని, ఒక కన్ను పోగొట్టుకొని, కూలబడెను. జయరామయ్యగారు దిగి, నలుదిక్కులు పరికించి, నరమానవుడు లేడని నిశ్చయించుకొని, కొబ్బరిబోండాల కోసమని బండిలో ఉంచుకొన్న కత్తితో వలను కసకస కోసి, బండిని వెనుకకు త్రిప్పి, పలాయనమంత్రము పఠించిరి.

ముత్యాలయ్య మేలుకొనునప్పటికి మిగిలినవి ధూళియు, రెండు తునకలైన వలయు, ఆ వలలో చిక్కిన కారు అవయవములును. ఒక దీపము, ఒక చక్రపుమూత, నాలుగు బోల్టులు, ఒక నెంబరు ప్లేటు.

ఇచ్చట మీరేమి చేయుదురు? ప్లేటు పట్టుకొని పోలీసుల కడకు పరుగెత్తుదురు. వారు పంచుకొనిరి! వలలో పడినది పంచవలెను. పడినది చేపయా కారా యని ధర్మము అడుగదు. దీపము తెప్పవాటాగా చిన్నపోలయ్యకు చెందెను. చక్రపుమూత వలవాటాగా వచ్చి చెంచమ్మ పులుసుకుండకు కిరీటమాయెను. బోల్టులు మనిషికొకటి. ఇక ప్లేటు.

"దీని మింద రాతలుండాయే! ఎవురికి ఇద్దాం?" అని చిన్నపోలయ్య సందేహించెను.

"మనకు చదివేదానికి వచ్చునా ఏందన్నా? రాతలన్నీ తెలిసింది అమ్మోరికే. ఆమె గుంజకు కొట్టండి," అని చెంచమ్మ తీర్పు చెప్పెను.

అంతట ఆ ప్లేటు గంగమ్మ గుడిసె ముందరి వేపగుంజకెక్కి, ప్రతి శుక్రవారమును పసుపు, కుంకుమ, ఆముదము అను త్రివిధలేపనములను గ్రహించుచు, నాలుగు వారములలో తన అంకెలను తానే మరచిపోయెను.

కాని వల! చిన్నపోలయ్య మనసొప్పకున్నను, కడుపు ఊరకుండక, వేరొకరి వలను తెప్పనెక్కించెను. ఆ సాయంకాలము ముత్యాలయ్య ముందు ఒక్క కుప్పయే పడెను. అలవాటు చొప్పున వీరుడు రేపటి గాలిని గూర్చి నోరు తెరచెను. ఎవరును తల త్రిప్పలేదు. అతడు నోరు మూసికొని చేపలు ఏరుకొనెను. సముద్రములో మునిగినప్పుడు కూడ అంతగా ఊపిరాడకుండ పోలేదు, పాపము.

జయరామయ్యగారి కారు ఒంటికన్నుతో ముత్తుకూరి వీథులలో తిరుగుచున్నదని విని, వీరుడు గంపెడు ఎండునెత్తళ్ళ చేపలు శిరమున దాల్చి, వ్యాజ్యవ్యూహభేదనచణుడగు వకీలు పద్మనాభయ్యగారిని శరణుజొచ్చెను. నష్టపరిహారసమరము మొదలాయెను. జయరామయ్యగారు బోనెక్కి, "నా బండి ఆ పక్కకే పోలా. దీపం రాయి తగిలి పగిలింది. నల్లకారు నాకొక్కడికేనా ఉండేది? ఉప్పు కామాక్షయ్యకి లేదా?" అని గర్జించిరి. ఉప్పుమళ్ళ కామాక్షయ్యగారును అదే నెలలో, అదే రంగున, అదే కారు కొనియుండిరి. మిల్లుకును ఉప్పుకును నడుమ ఏండ్ల తరబడి పచ్చగడ్డి వేసిన భగ్గుమనుచుండెను. దీపము చూపిన, ఇద్దరి దీపములును ఒక్కటే. మూత చూపిన, ఇద్దరి మూతలును ఒక్కటే.

"నెంబరు ప్లేటేదయ్యా?" అని పద్మనాభయ్యగారు తమ కక్షిదారుని చెవిలో నడిగిరి.

"అమ్మోరికి ఇచ్చేసినాం సామీ."

వకీలుగారు ఆ మాటనే న్యాయాధిపతికి విన్నవించిరి. న్యాయాధిపతి ఆ ప్లేటును కోర్టుకు తెమ్మనెను. అప్పుడు ముత్యాలయ్య, గాలికి ఎదురు నిలిచిన తెరచాపవలె రొమ్ము విరిచి, సభాభవనము దద్దరిల్ల నిట్లనియె.

"దొరా! మా తాతను మింగింది ఆ సముద్రమే, మాకు కూడు పెట్టేదీ ఆ సముద్రమే. అమ్మోరికి ఇచ్చిన చేపతలకాయ కూడా ఎనక్కి అడిగినోడు మా గట్టున పుట్టలా. నా వల పోతే పోనీ, నా రెండో కుప్ప పోతే పోనీ. ప్లేటు మాత్రం ఈడికి రాదు. కావాలంటే కోర్టే ఆమె కాడికి రావాల!"

న్యాయాధిపతి కోపించునేమో యని అందరును చూచుచుండగా, ఆయన కిటికీలోనుండి ఎండను, బల్లపైనున్న కాగితపుకొండను చూచి, సముద్రపుగాలిని తలచుకొని, "పోదాం పదండి," అనెను.

ఎద్దుబండ్లపై న్యాయసేన కదలెను! బండ్లు దిగిన నల్లకోట్లు ఇసుకలో మోకాళ్ళ దాక దిగబడుచు, బంట్రోతు బెత్తముతో పీతలను అదలించుచు, వాదిప్రతివాదులు ఒకరి మొగమొకరు చూడక నడచుచు, గంగమ్మ ముందుకు చేరెను. చూచిరి. గుంజ మీద అరంగుళము మందమున పసుపు. అంకె ఒక్కటియు లేదు.

"తుడవండి," అనెను గుమాస్తా. పాళెములోని ఆడవారందరు ఒక్క గొంతుతో కేకవేసి నెత్తిన చేతులు పెట్టుకొనిరి. గుమాస్తా రెండడుగులు వెనుకకు వేసెను. జయరామయ్యగారు మీసము క్రింద నవ్వుకొనిరి. ముత్యాలయ్య పసుపుగుంజ వంక చూచి తన గతి లెక్కవేసికొనెను. ఇక చచ్చునంతకాలము ఒక్క కుప్పయే, ఇక చచ్చునంతకాలము వినుటయే!

అంతట చెంచమ్మ ముందుకు వచ్చి, కొంగు నడుమున దోపి, చేతులు జోడించెను. తెలిసి అన్నదో, తెలియక అన్నదో, గంగమ్మకే ఎరుక.

"ఈ ప్లేటు వచ్చినకాడ్నించి మా పాళెంలో ఒక్క బిడ్డకు జొరం రాలా దొరా. ఎవురి బండిదో గానీ ఆ మారాజు పెట్టి పుట్టినాడు. ఉప్పు కామాక్షయ్యగారిదే అంటా ఉండారు అందురూ. అందుకే ఈ ఏడు ఆయన మళ్ళల్లో ఉప్పు మల్లెపూల మాదిరి పండిందంట. వచ్చే శుక్రవారం ఆయన పేరు మింద పొంగళ్ళు పెట్టి, గుంజ మింద ఆయన పేరు రాయిస్తా ఉండాం."

జయరామయ్యగారి చెవులెర్రబడెను. మెడనరములు ఉబ్బెను. వారి వకీలు చొక్కా పట్టి లాగుచున్నను లెక్కసేయక, ఇసుకదిబ్బలు మారుమ్రోగ సింహనాదము చేసిరి.

"ఆ ఉప్పోడిదా? ఏం మాట్లాడతా ఉండావమ్మా! నాది! ఆ ప్లేటు నాది! తాటిమొద్దుకు కొట్టింది నేను, వల కోసింది నేను! ఈ మహిమంతా నా బండిది! పొంగళ్ళు నా పేరు మింద పెట్టాల!"

"రాసుకో," అనెను న్యాయాధిపతి గుమాస్తాతో. జయరామయ్యగారి వకీలు ఇసుకలో కూలబడి, పీతవంక చూచుచు ఉండిపోయెను.

తీర్పు వెలువడెను. వల బాగుపడుటకు వలసిన నూలంతయు ప్రతివాది కొనియీయవలెను. జయరామయ్యగారు నూలును పంపిరి, పొంగళ్ళకు బియ్యమును పంపిరి. పాళెమంతయు తలకొక చేయి వేసి వల అల్లెను; అల్లినంతసేపు చెంచమ్మ అందరిని తిట్టుచునే యుండెను.

మరునాడు ముత్యాలయ్య వల తెప్పనెక్కి కడలిలో దిగెను. ఏమి చెప్పుదును ఆ వేట! సముద్రుడు ఆనాడు పరమలోభి. గట్టున కుప్పలు వేసిరి. వీరుని ముందు మనిషివాటా పడెను: చారెడు నెత్తళ్ళు. దాని ప్రక్కన వలవాటా పడెను: అంతకంటె రవ్వంత తక్కువ. ఆ రెండవ కుప్పను ఒక కాకి ఒక్క తూరికి ఎత్తుకొనిపోగలదు.

త్రిలోకవిజేత ఆ రెండు కుప్పల నడుమ కూర్చుండి, కనులు చెమర్చగా చుట్ట ముట్టించి, తూర్పుదిక్కు చూచి, గొంతు సవరించుకొని, ఒక మాట చెప్పెను.

"రేపు దచ్చినం గాలి కొడతాది, చూస్తా ఉండండి."

మరునాడు దక్షిణపుగాలి వీవలేదు సుమా. అయిననేమి? చిన్నపోలయ్య తల త్రిప్పెను, తెప్పవారందరు చేతిపని ఆపిరి, ముసలివారు చెవియొగ్గిరి, చెంచమ్మ సయితము నోరు మూసికొనెను. పట్టపుపాళెము పట్టపుపాళెమంతయు వినెను! జయము, జయము, రెండవ కుప్పకు దిగ్విజయము!