ఒంటికి పట్టిన ఎక్స్‌పీరియన్స్

అమీర్‌పేటలోని ఒక కన్సల్టెన్సీలో సుమంత్ రెజ్యూమేకు నాలుగేళ్ల దొంగ ఎక్స్‌పీరియన్స్ చేర్చి ప్రింట్ తీస్తుండగా, కాగితం బయటికి వచ్చేలోపే అతని వయసు ఇరవై మూడు నుంచి ఇరవై ఏడుకు చేరింది. అక్కడ ఇది మామూలే. రాసిన ఏళ్లు ఒంటికి పడతాయని, పడ్డవి వాపసు తీసుకోబడవని గోడకు నోటీసు కూడా అంటించారు.

పక్కనే కూర్చున్న తల్లి అండాలుకు ఆ నోటీసు చదివినప్పటినుంచి దడగానే ఉంది. ఆమె చదివింది ఏడో తరగతే అయినా ఒక్కటి మాత్రం బాగా అర్థమైంది. ఉద్యోగం రాకపోతే కొడుకు ఖాళీగా ఉండటమే కాదు, ముసలివాడై ఖాళీగా ఉంటాడు.

"ఊడిన ఎంట్రుకలు జాబొచ్చినంక మల్ల మొలుస్తయా సారూ?" అని అడిగింది.

"జాయినింగ్ కిట్‌ల టోపీ ఇస్తరమ్మా," అన్నాడు కన్సల్టెన్సీ నడిపే లింగస్వామి, స్టేప్లర్ నొక్కుతూ.

మొదటి రౌండు కోడింగ్. సుమంత్ పాసయ్యాడు. రెండో రౌండులో పదేళ్లు కావాలన్నారు. లింగస్వామి దిద్దాడు, సుమంత్‌కు పొట్ట వచ్చింది. మూడో రౌండుకు పదహారేళ్లు. ప్రశ్నలు చదవడానికి కళ్లజోడు కొనాల్సి వచ్చింది. ఆఖరి రౌండులో మేనేజర్ పాతికేళ్లు అడిగాడు. ఆ టెక్నాలజీ పుట్టి ఐదేళ్లే అయింది. అందుకే తగినవాళ్లు దొరకడం లేదని ఆయన బాధపడ్డాడు.

"నా ఏండ్లు రాయుండ్రి సారూ. ఇరవై ఆరేండ్ల సంది ఇల్లు నడుపుతున్న," అంది అండాలు.

"ఇంటిపని ఎక్స్‌పీరియన్స్ కిందికి రాదమ్మా. ఫారంల దానికి కాలమే లేదు," అన్నాడు లింగస్వామి.

మళ్లీ ప్రింట్ తీశారు. సుమంత్‌కు నలభై ఎనిమిది వచ్చాయి. అండాలుకు నలభై ఆరు.

తిరుగు బస్సులో పక్క సీటామె, "మీ అన్ననా?" అని అడిగింది. వివరించే ఓపిక లేక అండాలు ఔనంది.

"అమ్మా, మోకాలు గుంజుతున్నది," అన్నాడు సుమంత్.

"నాకే ఇంక గుంజుతలేదు గదరా. నీకప్పుడే ఎట్ల?" అంటూ ఆమె మోకాలు నిమిరింది. బీపీ, షుగరు, పెళ్లి, గుండె అని దిగే స్టాపు దాకా మనసులో లెక్కపెట్టుకుంటూనే ఉంది.

ఇక మిగిలింది వెరిఫికేషన్. ఇంటినుంచి ఒకరు వచ్చి ఆ పాతికేళ్లకు సాక్ష్యం చెప్పాలి. అబద్ధమని తేలితే ఉద్యోగం ఉండదు, ఏళ్లు మాత్రం ఉంటాయి. లింగస్వామి నాలుగు కంపెనీల పేర్లు వారంపాటు బట్టీ పట్టించాడు. వెరిఫికేషన్ అధికారి వకుళ ఎదుట కూర్చోగానే అండాలు నాలుగూ మరిచిపోయింది.

"మీ అబ్బాయి మీకంటే రెండేళ్లు పెద్ద. అది ఇబ్బంది కాదు," అంది వకుళ ఫైలు తిప్పుతూ. "ఈ పాతికేళ్లు ఎక్కడున్నాడు?"

అండాలు నోటికి వచ్చింది చెప్పేసింది.

"ఆఫీసులనే ఉన్నడు మేడం. పండుగలకు రాలే. వాళ్ల నాయనకు ఆపరేషనైతే ఫోన్లనే చూసిండు. తిన్నవా బిడ్డా అంటే మీటింగుల ఉన్న అంటడు. పిల్లను చూడబోదామంటే వచ్చే ఏడంటడు. ఆని తల ఎప్పుడు నెరిసిందో నేను చూడనేలే."

వకుళ ముద్ర వేసింది.

"కంపెనీల పేర్లు చెప్పలే మేడం నేను," అంది అండాలు, ఎక్కడో తప్పు జరిగిందన్న భయంతో.

"అక్కర్లేదమ్మా. నిజంగా పాతికేళ్లు చేసినవాళ్ల తల్లులకు కూడా ఆ పేర్లు తెలియవు. వాళ్లు కూడా ఇదే చెప్తారు."

కొడుక్కు ఉద్యోగం వచ్చినట్టే. అండాలు రెండు చేతులూ జోడించి లేచింది. గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరిగింది.

"ఇగ రేపటి సంది ఎన్ని గంటలకు ఇంటికొస్తడు మేడం?"

"ఇప్పుడే మీరు చెప్పారు కదమ్మా," అంది వకుళ.