బాదం ఎవరి నోట పడితే

“ఈ ఏడు బాదం ఎవరి గిన్నెలోనైనా పడవచ్చు. ఇది మన సర్కారు ఇస్తున్న గ్యారంటీ!” అని బొమ్మల శాఖామాత్యులు శ్రీ ఐమో గారు చెవికొండ కార్ఖానా మెట్ల మీద నిలబడి ప్రకటించారు. గడ్డం మీద మంచు పేరుకుంటున్నా దులుపుకోలేదు. ప్రజల కోసం అంత చలి భరించే నాయకుడు లాప్లాండ్ మొత్తంలో మరొకరు లేరు. వారి వెనక పొయ్యి పెట్టిన మాట నిజమే కానీ, అది వెనక.

క్రిస్మస్ తాతకు బొమ్మలు చేసిపెట్టే టోంటులనే పొట్టివాళ్ళకు ఓట్లూ పెట్టెలూ లేవు. పండుగ పొద్దున అందరూ ఒకే సావిట్లో కూర్చుని పాల జావ తాగుతారు. బాన మొత్తానికి ఒక్కటే బాదంపప్పు. అది ఎవరి నోట పడితే వాళ్ళే ఆ ఏడాది మంత్రి. ఎన్నో ఏళ్ళుగా అది ఐమో గారి నోరే వెతుక్కుంటూ వస్తోంది.

ఒక్కసారి మాత్రం దారి తప్పి రౌనో అనే వడ్రంగి నోట్లో పడింది. అది పుచ్చు బాదమని విచారణలో తేలింది. రౌనోకు ప్రమోషన్ ఇచ్చి ఒక దీవికి పంపారు. కిటికీల్లోంచి తొంగిచూసి పిల్లల నడవడి కనిపెట్టడం అతని డ్యూటీ. ఆ దీవిలో పిల్లలు లేరు. ఉన్నది ఒక్క దీపస్తంభం. దానికి కిటికీలు కూడా లేవు.

ప్రకటన విన్న దగ్గర్నుంచి హెల్కాకు కంటి మీద కునుకు లేదు. ఆమెకు మామూలుగానే భయాలెక్కువ. ఆవిరిగదిలో కూతురు కాలు జారుతుందేమోనని భయం. జారకపోతే, ఇంకా ఎక్కడ జారాల్సి ఉందోనని భయం. ఆ కూతురు పిల్వి కార్ఖానాలో కొయ్యగుర్రాలకు కళ్ళు దిద్దుతుంది. నోరు కొంచెం దురుసు.

“ఎవరికైనా పడొచ్చంటే నీకూ పడొచ్చనే కదటే!”

“పడితే మంత్రినవుతానమ్మా. నీకో బండి, రెండు జింకలు.”

“నోర్ముయ్! జింకలు తంతాయి. ఆ దీవిలో నీకు ఉన్ని మేజోళ్ళు ఎవరల్లి పెడతారే?”

“అప్పుడే పంపించేశావా నన్ను?”

“పంటికి గట్టిగా ఏదైనా తగిలితే గమ్మున మింగెయ్. అరక్కపోతే కషాయం కాచిస్తా.”

ఈలోగా ఏర్పాట్లు కట్టుదిట్టంగా జరిగాయి. బానకు కాపలా పెట్టారు. గరిటె మీద కమిటీ వేశారు. పండుగ పొద్దున మంత్రిగారి కార్యదర్శి వెయిక్కో ఒక బుట్ట మీద గుడ్డ కప్పుకుని వంటింట్లోకి వెళ్ళి, పారదర్శకత కోసం లోపల గడియ పెట్టుకున్నాడు.

సావిట్లో ఆ రోజున్నంత క్రమశిక్షణ ఎన్నడూ లేదు. ఎవరూ నోరు విప్పలేదు.

“దాల్చినచెక్క ఎక్కువైంది కదమ్మా?” అంది పిల్వి.

హెల్కా పెదవులు బిగబట్టింది. దూలాల వంక చూస్తూ కూర్చుంది.

కటుక్కుమని చప్పుడైంది.

“అబ్బా, నా పన్ను!” పిల్వి నోట్లోంచి ఏదో తీసి చూసింది. “ఇది బాదం కాదమ్మా, కొయ్య! రంగు కూడా వేశారు. మీద ఏదో రాసుంది...”

చదవొద్దని హెల్కా చేతులూపింది. పిల్వి అప్పటికే చదివేసింది: “శ్రీ ఐమో గారికి శుభాకాంక్షలు. మళ్ళీ మీరే.”

వెయిక్కో లేచాడు. “దొంగతనం! మంత్రిగారి బాదం నీ నోట్లోకి ఎలా వచ్చింది?”

“జావతో పాటే వచ్చిందండీ.”

“పైగా ఎదురు సమాధానమా! రౌనో అక్కడ తోడు లేక బెంగపడుతున్నాడు. బండి కట్టండ్రా!”

హెల్కా లేచి నిలబడింది. పక్కకు తిరిగి, పైట చెరగు లాగా ఏప్రాన్ నోటికి అడ్డం పెట్టుకుని, బుగ్గలోంచి ఒకటి తీసింది.

“అయ్యా... నాకూ వచ్చిందండి. మొదటి చెంచాకే తగిలింది. నా పిల్లని వదిలెయ్యండి.”

పక్కన ఒక ముసలాయన దగ్గాడు. ఆయన గిన్నెలో టక్కుమంది. తర్వాత ఎదుటి బల్ల మీద టక్కుమంది. ఆ పైన సావిడంతా వడగళ్ళు పడ్డట్టు ఒకటే టకటక. అన్నిటి మీదా ఒకే పేరు.

మంత్రిగారి కళ్ళు చెమర్చాయి. “ఏకగ్రీవం! ఇంతమంది ప్రజలు నా పేరు నోట్లో పెట్టుకుని, మింగకుండా, ఉమ్మకుండా, ఇంతసేపు...” అంటూ కళ్ళు తుడుచుకున్నారు. వెయిక్కో వెంటనే బండి రద్దు చేసి, పిల్వి పన్నును త్యాగంగా గుర్తించాడు.

“ఆచారం ప్రకారం మంత్రిగారు కూడా తమ బాదం చూపించాలి కదా” అన్నాడు దగ్గిన ముసలాయన.

మంత్రిగారు గిన్నె కలిపారు. అడుగు గీకారు. వెయిక్కో వేళ్ళు పెట్టి దేవాడు. బానలో బుట్టెడు పోసినా ఈ గిన్నెలోకి ఒక్కటీ రాలేదు. ఇంకో గిన్నె తెప్పించారు. అందులోనూ జావే ఉంది. సావిడంతా చూస్తోంది.

ఈ ఆలస్యం ముదిరితే వాళ్ళకు మళ్ళీ బండి గుర్తొస్తుందని హెల్కాకు భయం పట్టుకుంది. తన కొయ్య బాదాన్ని గబగబా ఏప్రాన్‌తో తుడిచి, రెండు చేతులా పట్టుకుని మంత్రిగారి ముందుకు వెళ్ళింది.

“నాది పెట్టుకోండయ్యా. కాస్త పంటిగాట్లు పడ్డాయి, అంతే. పేరు చెరగలేదు.”

మంత్రిగారు అటూ ఇటూ చూసి నోరు తెరిచారు.