ఇంగ్లీషు పాటకు తాత్పర్యం

స్కూలు కరస్పాండెంట్ నాగేశ్వర్ రావు ఫోన్ చేసినప్పుడు సాయిశ్రీ దోసె తిప్పుతోంది. ఫోన్ పెట్టేసేసరికి దోసె మాడిపోయింది, సాయిశ్రీ మొహం మాత్రం వెలిగిపోతోంది.

"ఏవండీ, స్కూల్ ఫెస్టివల్‌లో వెస్ట్రన్ డాన్స్ నాకే ఇచ్చారు. బాగా చేస్తే ఉద్యోగం పర్మనెంటు అట."

పెళ్ళై మూడు నెలలు. కోదాడ నుంచి సూర్యాపేటకు కాపురానికి వచ్చిన సాయిశ్రీ, ప్రసూతి సెలవులో ఉన్న ఇంగ్లీషు టీచరు స్థానంలో పాఠాలు చెబుతోంది. ఆ టీచరు వచ్చే నెల తిరిగి వస్తుంది. ఉద్యోగం పోతే జీతం పోవడం ఒకటే కాదు. భర్త సందీప్ తన బియ్యం దుకాణం తెరవడానికి వెళుతూ రోజూ ఆమెను బండి మీద స్కూల్లో దింపుతాడు. సరిగ్గా పదకొండు నిమిషాలు. మార్కెట్ రోడ్డులో ధాన్యం ట్రాక్టర్లు అడ్డమొస్తే పదిహేను. ఆ ట్రాక్టర్లంటే సాయిశ్రీకి ఎంతో ఇష్టం.

"కండిషన్ ఏమన్న పెట్టిండా?" అడిగాడు సందీప్, వ్యాపారస్తుడు కాబట్టి.

"రెండు. పాట మంచి హుషారుగా ఉండాలి. దానికి తెలుగులో తాత్పర్యం రాసి ఇవ్వాలి."

నాగేశ్వర్ రావు ఇరవై రెండేళ్ళు తెలుగు పండితుడిగా పనిచేసి, ఆ తర్వాత సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో మూడు బ్రాంచీలతో స్కూలు పెట్టాడు. పద్యమైనా పాటైనా, కింద తాత్పర్యం లేనిదే ఆయన సంతకం పడదు.

పాట ఎంపిక సాయంత్రానికల్లా అయిపోయింది. అత్త మంగ చాప మీద కాళ్ళు చాపుకుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంటే, సాయిశ్రీ పక్కనే ఫోన్‌లో ఒక్కో పాటా పెట్టింది. పదహారు పాటలకు మంగ కాలి బొటనవేలు కదలలేదు. పదిహేడో పాటకు వేలు కదలడమే కాదు, మట్టెలు కూడా గలగలమన్నాయి.

"ఈ పాట ఎలా ఉంది అత్తయ్యా?"

"ఆ పిల్లకు ఏం కష్టమొచ్చిందో గని, ఒకటే మొత్తుకుంటుంది," అంది మంగ, కాలు ఊపుతూనే.

పాట ఖాయమైంది. మర్నాడే పిల్లలు స్టెప్పులు మొదలుపెట్టారు. తాత్పర్యం రాద్దామని కూర్చున్నాకే సాయిశ్రీ పాటలోని మాటలు శ్రద్ధగా విన్నది. ఒక అమ్మాయి తనను మోసం చేసిన ప్రియుడి బట్టలు ఐదో అంతస్తు కిటికీలోంచి విసిరేసి, అతని కారే వేసుకుని బారుకు పోయి, ఎవరో కొత్తవాడితో తెల్లవారేదాకా చిందులేస్తుంది.

సందీప్ పడీ పడీ నవ్వాడు. "ఇగ ఖతం. ఇది రాసిస్తే సార్ నిన్ను కిటికీలకెంచి ఇసురుతడు."

"పాట మార్చను. పిల్లలకు సగం డాన్స్ వచ్చేసింది," అని సాయిశ్రీ పెన్ను తీసింది. అరగంట ఆలోచించి ఇలా రాసింది: 'ఒక బాలిక ఇంట్లో వాడని బట్టలు తీసి పేదలకు పంచి, వాహనంలో బయలుదేరి, తెల్లవారేదాకా తోటివారితో కలిసి సేవ చేస్తుంది.'

నాగేశ్వర్ రావు కళ్ళజోడు పైకి తోసుకుని రెండుసార్లు చదివాడు. "అమ్మా సాయిశ్రీ, గింత హుషారు పాటల గింత సందేశమా? కార్డు మీద అచ్చేయిస్త."

అచ్చేయించాడు. సోమవారం ఆహ్వానాలు ఇళ్ళకు చేరాయి. మంగళవారం పొద్దున గేటు దగ్గర మొదటి బట్టల మూట దిగింది. పాటలోని బాలికే అంత చేస్తే మనం చేయలేమా అనుకున్నారు తల్లులు. మధ్యాహ్నానికి ఆటోల్లో వచ్చాయి. సాయంత్రానికి ఆరో తరగతి గది కిటికీల దాకా చీరలు, చొక్కాలు, స్వెట్టర్లు. ఆరో తరగతి పిల్లలు వరండాలోకి మారారు.

"ఇప్పుడేం జేస్తవ్?" అన్నాడు సందీప్, ఆమెను తీసుకెళ్ళడానికి వచ్చి.

"రాసిందంతా నిజం చేసేస్తాను. అప్పుడు అది అబద్ధం ఎలా అవుతుంది? మీ దుకాణంలో ఖాళీ గోనె సంచులు ఎన్నున్నాయి?"

ఆ రెండు రోజులు సాయిశ్రీ పాఠాలు కాగానే కొంగు బిగించి బట్టలు వేరుచేసింది, మడతలు పెట్టింది, సంచులకు కుట్లు వేసింది. సందీప్ ట్రాలీలో ఆ సంచులు మునగాల అవతలి ఇటుక బట్టీల దాకా వెళ్ళాయి. మంగ కూడా ఒక మూట పంపింది. అందులో ఏముందో విప్పి చూడకుండానే సాయిశ్రీ దాన్ని స్కూలు వాచ్‌మన్‌కు ఇచ్చేసింది.

బుధవారం సాయంత్రం కోదాడ బ్రాంచి టీచరు అక్షిత ఫోన్ చేసింది. డిగ్రీలో ఇద్దరూ ఒకే బెంచీ.

"ఒసేయ్, మీది ఏ పాట?"

సాయిశ్రీ చెప్పింది.

"మాదీ అదేనే. స్కూలుకు హుషారు పాటలని వెతికితే అదే ముందొచ్చింది."

"తాత్పర్యం ఏం రాశావ్?"

"చదువుకు అడ్డొచ్చేవన్నీ కిటికీలోంచి పారేసి తెల్లవార్లూ చదువుతుందని. పేరెంట్స్ పిల్లల ఫోన్లు తెచ్చి ఆఫీసులో పడేశారు. రెండొందల పన్నెండు. ఒకటే మోతనుకో. మిర్యాలగూడ భాస్కర్ సార్‌దీ ఇదే పాటంట. ఆయన ప్లాస్టిక్ నిషేధమని రాశాడు. అక్కడ గేటుకు అడ్డంగా కవర్ల గుట్ట. రేపు కరస్పాండెంట్ ముగ్గురినీ రమ్మన్నాడే."

గురువారం సాయంత్రం నాగేశ్వర్ రావు బల్ల మీద మూడు కాగితాలు వరసగా పెట్టి ఉన్నాయి. సాయిశ్రీకి పదకొండు నిమిషాలూ గుర్తొచ్చాయి. భాస్కర్ సార్ గోడ మీది క్యాలెండర్‌ను దీక్షగా చదువుతున్నాడు.

"ఒకటే పాట. మూడు తాత్పర్యాలు," అన్నాడు నాగేశ్వర్ రావు. "మా మనుమరాలు ఈ పాట నాలుగు నెలల సంది ఇంట్ల పెడుతుంది. ఆ పిల్ల బట్టలు ఎవనివి ఇసిరిందో, ఏడికి పోయిందో నాకు ఎరుకే."

"మరి... కాగితం ఎందుకడిగారు సార్?" అంది సాయిశ్రీ, ఎంత ఆపుకున్నా ఆగక.

"రేపు పేరెంట్స్ అడిగితే నేనేం జూపెట్టాలె? పాట ఇంగ్లీషుల ఉన్నన్ని రోజులు ఎవరికీ పరేషాన్ లేదమ్మా. తెలుగుల కాగితం ఉండాలె, అంతే." ఆయన అక్షిత వైపు తిరిగాడు. "ఆ ఫోన్లు ఎవలయి వాళ్లకిచ్చెయ్."

"పేరెంట్సే వద్దంటున్నారు సార్. మూడు రోజుల నుంచి పిల్లలు ఇంట్లో మాట్లాడుతున్నారంట."

నాగేశ్వర్ రావు ఫోన్ల సంగతి అక్కడితో వదిలేశాడు. మూడు బ్రాంచీల పిల్లలూ కలిసి ఒకే డాన్స్ చేయాలని, స్టేజి మీద చదివే తాత్పర్యం సాయిశ్రీదేనని చెప్పాడు. మిగిలిన ఇద్దరూ బతుకుజీవుడా అని బయటపడ్డారు.

"నువ్వుండమ్మా. ఇంగ్లీషు పోస్టు లేదు. ఆ టీచరు అనుకున్నదానికన్న ముందుగాలనే, రేపే వచ్చి జాయినైతది."

సాయిశ్రీ తల వంచుకుంది.

"అయితే తెలుగు టీచర్ పోస్టు ఆరు నెలల సంది ఖాళీ. గసొంటి పాటకెంచి ఇసొంటి తాత్పర్యం తీసి, పైకెంచి దాన్ని చేసి సూపెట్టినదాన్ని నా సర్వీసుల సూడలే. పర్మనెంటు. రేపు మొదటి పీరియడే నీది. తాత్పర్యం మాత్రం పుస్తకంల ఉన్నదే చెప్పు."

సాయిశ్రీ మెట్లు రెండేసి దిగి గేటు దగ్గరికి పరుగెత్తింది. సందీప్ బండి మీద కూర్చుని వాచ్‌మన్ ఫకీరా వైపే చూస్తున్నాడు. ఫకీరా నిటారుగా నిలబడి సెల్యూట్ కొట్టాడు. అతని ఒంటి మీద నీలం రంగు కోటు, జేబుకు జరీ గులాబీ. మంగ పంపిన మూటలోంచి వచ్చింది. సందీప్ దాన్ని తొడుక్కున్నది ఒక్కసారే, మూడు నెలల కింద, రిసెప్షన్ రోజు.

"ఏవండీ, ఉద్యోగం పర్మనెంటు. రేపు పది నిమిషాలు ముందే బయలుదేరదాం, మొదటి పీరియడే నాది."

"ఏం పాఠం?"

"దానం మీద పద్యాలు."

సందీప్ బండి స్టార్ట్ చేశాడు. "తాత్పర్యం నాకు చెప్పకు, ఎదురుంగనే నిలబడ్డది."