ఉరుకుందప్ప సైకిలెక్కిన రోజు

ఊరందరికీ కిలోకు యాభై గ్రాములు తగ్గించి తూచే ఉరుకుందప్పను ఆదోని డాక్టరు తన కాటా మీద నిలబెట్టి, ఉండాల్సినదానికంటే ఇరవై రెండు కిలోలు ఎక్కువున్నావని తేల్చాడు. రోజూ గంటసేపు నడవమన్నాడు. నడవలేకపోతే ఇంట్లో కూర్చుని తొక్కే సైకిలొకటి కొనుక్కోమన్నాడు.

నడక ఉరుకుందప్పకు కుదరదు. ఆలూరు దారిలో ఉన్న ఆ ఊళ్ళో చౌకధరల దుకాణం డీలరు పొద్దున్నే వీధిలో కనబడితే, "పోయిన నెల చక్కెర యాడపోయిందప్పా?" అని అడిగేవాళ్ళు గడపకొకరున్నారు. అందుకని శుక్రవారం ఉదయం ఉగ్గాని రెండోసారి పెట్టించుకుంటూ, ఆదోనికి పోయి ఆ సైకిలేదో చూసుకొని వస్తానన్నాడు.

"తొక్కినా యాడికీ పోదంట కదయ్యా అది?" అంది భార్య హులిగమ్మ.

"పోదు. ఉన్నసోటే ఉంటాది."

"అయితే నీకు సరిగ్గా సరిపోతాదిలే."

ఉన్నచోటే ఉండటం నిజానికి ఉరుకుందప్పకున్న గొప్ప విద్య. పదిహేనేళ్ళలో ప్రభుత్వం మారినప్పుడల్లా చుట్టుపక్కల ఊళ్ళలో డీలర్లు మారారు. ఇతను మారలేదు. సైకిల్ గుర్తు పార్టీకి ఊళ్ళో పెద్ద మాదన్న. ఫ్యాన్ గుర్తు పార్టీకి నాగన్న. మాదన్న ఇంట్లో పెళ్ళయితే పందిట్లో ముందు వరసలో, నాగన్న ఇంట్లో చావైతే పాడె పక్కన ముందు వరసలో ఉరుకుందప్ప కనబడేవాడు. గోడమీది పిల్లి కూడా ఇతని దగ్గర నాలుగు రోజులు పని నేర్చుకోవచ్చు.

ఊళ్ళో ఆటో నడిపే రామాంజి బండిలో ఉరుకుందప్ప ఎక్కి కూర్చున్నాడు. ఇంకెవరూ ఎక్కలేదు.

"ఇంత పొద్దున్నే యాడికన్నా?" అన్నాడు రామాంజి.

తొక్కుడు మిషను సంగతి బయటపడితే ఊరు నవ్వుతుందని ఉరుకుందప్ప భయం. గొంతు తగ్గించి, "సైకిలెక్కల్లనుకుంటాండా రామాంజీ. ఎవురికీ సెప్పొద్దు," అన్నాడు.

ఆటో ఒక్క క్షణం గుంతలోకి పోయి వచ్చింది. "బాగా ఆలోసన సేసినావాన్నా?"

"ఇంగ ఆలోసనేముంది? ఇట్లే ఉంటే పానానికే మోసమంట."

ఆదోని చేరేలోపల ఆటో మూడుచోట్ల ఆగింది. మూడుచోట్లా రామాంజి దిగి, చెట్టుచాటుకు పోయి ఫోను మాట్లాడాడు. ఎవరికీ చెప్పొద్దని ప్రతి ఒక్కరికీ గట్టిగానే చెప్పాడు.

దుకాణంలో అశ్విని అనే అమ్మాయి అతన్ని మొదటి సైకిలు దగ్గరికి తీసుకుపోయింది. "ఇది సప్పుడు సేయదు సార్. ఎక్కి సూడండి," అంది. ఉరుకుందప్ప ఎక్కాడు. అది చప్పుడు చేయలేదు గానీ అతను చేశాడు. నాలుగు చుట్లు తొక్కేసరికి చొక్కా వీపుకు అంటుకుంది. అప్పుడే జేబులో ఫోను మోగింది. నాగన్న.

"ఏమప్పా, సైకిలెక్కినావంట?"

ఇంత తొందరగా ఎట్లా తెలిసిందో అర్థం కాలేదు. అయినా దొరికిపోయాక దాచడమెందుకని, "ఎక్కినాన్నా. ఇంగా దిగలేదు," అన్నాడు ఆయాసపడుతూ.

"పదైదేండ్లు మాతో ఉండి?"

"ఏం సేసేదన్నా, పెద్దోళ్ళు బలవంతం సేసినారు. ఈ పని ముందే సేసింటే బాగుండు అనిపిస్తాంది."

"సరే. నీ షాపు సంగతి నేను సూసుకుంటాలే," అని నాగన్న ఫోను పెట్టేశాడు.

తాను ఊళ్ళో లేనప్పుడు తన షాపు చూసుకోవడానికి ఒక మనిషి ఉన్నాడని ఉరుకుందప్ప గుండె నిండిపోయింది.

మోకాళ్ళు పట్టేశాయంటే అశ్విని ఇంకొకటి చూపించింది. దానికి ముందు చక్రం బదులు పెద్ద ఫ్యాన్ ఉంది. తొక్కేకొద్దీ రెక్కలు తిరిగి ముఖానికి గాలి కొడుతుంది. ఉరుకుందప్ప దాని మీద స్థిరపడి కళ్ళు మూసుకున్నాడు. మళ్ళీ ఫోను. ఈసారి మాదన్న.

"ఉరుకుందూ! ఇనేకి శానా సంతోషంగా ఉండాదప్పా! ఎమ్మిగనూరులో ఉండా, కండువా తీసుకొని నేరుగా వస్తాండా. సైకిలెక్కినావంట కదా, ఎట్లుండాది?"

కండువా చెమట తుడుచుకోవడానికేమో అనుకున్నాడు ఉరుకుందప్ప. "నీకెందుకన్నా శ్రమ, నా తువ్వాలుండాది. ఆ సైకిల్ నాకు సరిపోలేదు, దిగేసినా. ఇప్పుడు ఫ్యాన్‌కి వచ్చినా. గాలి బ్రమ్మాండంగా ఉండాది."

"పావుగంటలోనా?"

"సరిపోనిదాంట్లో ఎందుకుండల్లన్నా? ఇది కూడా కుదరకపోతే ఇంగోటి సూస్తా."

ఫోనులో చెంపదెబ్బ కొట్టే వీలు ఇంకా రాలేదు గనుక మాదన్న పెట్టేశాడు.

ఉరుకుందప్ప ఫ్యాన్ సైకిలే తీసుకున్నాడు. దాన్ని ఆటోలోకి ఎక్కిస్తున్నప్పుడు రామాంజి ముఖంలో నెత్తురు లేదు. ఊరి పొలిమేర కనబడేదాకా ఊరుకుని, ఇక ఆగలేక, "అన్నా, పొద్దున నువ్వు సెప్పింది ఈ సైకిలా?" అన్నాడు.

"ఇంగేం సైకిల్ రా?"

రామాంజి చెప్పాడు. కండువా ఎందుకో, షాపు సంగతి చూసుకోవడమంటే ఏమిటో ఉరుకుందప్పకు ఒక్కసారిగా తెలిసొచ్చింది. ఆ రోజు రెండోసారి చెమట పట్టింది, ఈసారి తొక్కకుండానే.

చౌకధరల దుకాణం ముందర జనం గుమిగూడి ఉన్నారు. మాదన్న, నాగన్న వీధికి ఒకే పక్క నిలబడి ఉన్నారు. ఆ ఊళ్ళో అట్లాంటి దృశ్యం ఎవరూ చూడలేదు. ఉరుకుందప్ప మిషను దింపించి, వీధి మధ్యలో పెట్టించి, ఎక్కి తొక్కడం మొదలుపెట్టాడు.

"సూడండన్నా! సైకిలంటే ఇదే, ఫ్యానన్నా ఇదే! ఒళ్ళు తగ్గల్లని డాక్టరు సెప్పినాడు. దేవునితోడు, ఇంగేం ల్యా!"

జనం విరగబడి నవ్వారు. మాదన్న కండువా మడిచి చంకలో పెట్టుకున్నాడు. నాగన్న ముఖం కూడా కొంచెం విచ్చుకుంది. కథ అక్కడితో ముగిసిపోయేదే. కానీ భయం తీరిన మనిషికి నోరు నిలవదు. పదిహేనేళ్ళుగా చీకటి పడ్డాక ఇద్దరి ఇళ్ళకూ పోయి చెవిలో చెప్పే మాట, పట్టపగలు నడివీధిలో నోటికొచ్చేసింది.

"మిమ్మల్ని వదిలి యాడికి పోతానన్నా? నా ఓటు ఎప్పటికీ నీకే కదా!"

"ఎవురికి?" అన్నాడు మాదన్న.

"అవును, ఎవురికి?" అన్నాడు నాగన్న.

ఉరుకుందప్ప ఇంకా గట్టిగా తొక్కాడు. ఫ్యాన్ గాలి ఇద్దరికీ సమానంగానే తగిలింది.

మరుసటి సోమవారం ఆ ఇద్దరూ ఒకే కాగితం మీద సంతకాలు పెట్టి తహసీల్దారుకు ఇచ్చారు. అసలు కారణం రాయడానికి వీలుకాక, తూకం తక్కువ వేస్తున్నాడని రాశారు. అది నిజం కూడా కావడం వాళ్ళకు పనికొచ్చింది. డీలర్‌షిప్ ఊడింది. ఉరుకుందప్ప రెండు రోజులు మిషను మీద కూర్చున్నాడు, తొక్కలేదు.

కొత్త డీలరు ఎవరన్న దగ్గర ఇద్దరు నాయకులూ మళ్ళీ తగువుపడ్డారు. మాదన్న చెప్పిన మనిషిని నాగన్న ఒప్పుకోడు, నాగన్న చెప్పిన మనిషిని మాదన్న ఒప్పుకోడు. నెలంతా తగువులాడి, మొగుడి మాటంటే మండిపడే మనిషి గనుక నమ్మవచ్చని, మహిళా సంఘం తరఫున హులిగమ్మకు షాపు ఇవ్వడానికి ఒప్పుకున్నారు.

ఒప్పుకునే ముందు ఓటు ఎవరికని ఇద్దరూ ఆమెను అడిగారు. మీకేనని ఆమె విడివిడిగా చెప్పింది.