కోటు విప్పని పెళ్ళిచూపులు

ఇంగ్లండు చలిని తిట్టేవాళ్ళంత కృతఘ్నులు లోకంలో ఇంకొకరుండరు!

ఆలోచించండి. అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా మనిషి పొట్టనీ, నడుమునీ, నిన్న బయట కొనితెచ్చి తిన్న టేకవేనీ ఒకే ఒక్క పొడుగు కోటులో దాచే సౌకర్యం మన విజయవాడలో ఉందా? అందుకే ఇక్కడ స్టాన్‌మోర్‌లో తెలివిగల తెలుగు పెద్దలు సంబంధాలన్నీ జనవరిలో చూస్తారు. జూన్ నెల బక్కపలచని వాళ్ళకి వదిలేస్తారు.

ఈ విద్యలో ఆరితేరిన మనిషి ప్రభావతి. ఆవిడ అక్క కూతురు కిరణ్మయి బ్రాక్‌నెల్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టర్. బట్టలు ఇరవయ్యో సైజు, ఇక్కడి కొట్లలో దాదాపు చివరి వరస. మాంచెస్టర్ జయకృష్ణతో మూడు నెలలుగా ఈమెయిళ్ళు నడుస్తున్నాయి. ఇద్దరూ పంపుకున్న ఫోటోలు మెడ దాకానే. అతని మెయిల్ రాని రోజు కిరణ్మయికి అన్నం సయించేది కాదు. ఆమె చరిత్రలో అలా జరగడం అదే మొదటిసారి.

2004 జనవరిలో ఒక ఆదివారం అతను వాళ్ళ అత్తయ్య రత్నకుమారిని వెంటబెట్టుకుని వస్తున్నాడనగానే, ప్రభావతి ఇంట్లో హీటింగ్ కట్టేసి కిటికీలు బార్లా తెరిచింది.

"వాళ్ళు ఊ అనేదాకా కోటు విప్పావంటే చూడు," అంది.

"మరి పెళ్ళి కూడా కోటులోనే చేస్తావా పిన్నీ?"

"ఫిబ్రవరిలో ముహూర్తాలున్నాయిలే."

వచ్చినవాళ్ళకు ఇల్లు వెచ్చబెట్టే బాయిలర్ చెడిపోయిందని చెప్పారు. నలుగురూ కోట్లలో కూర్చున్నారు. పెసరట్లు ప్లేట్లలో అట్టముక్కలయ్యాయి. జయకృష్ణ ఏదో జోకు చెప్పాడు గానీ, పళ్ళు టకటకా కొట్టుకోవడంతో ఎవరికీ అర్థం కాలేదు. అయినా ఎంత మర్యాదైన సభ! ఎవరి కొలత ఎవరికీ తెలియదు.

కిరణ్మయికి ఏడుపొచ్చినంత పనైంది. ఇన్నాళ్ళూ నవ్వించిన మనిషి ఎదురుగా ఉన్నాడు. తనేమో మూటలా కూర్చుంది. రేపు ఎండాకాలం వచ్చాక అతని మొహం మారిపోతే? ఆ మారేదేదో ఇప్పుడే మారనీ అనుకుంది. లేచి వెళ్ళి హీటింగ్ పెట్టింది, కిటికీలు మూసింది, కోటు విప్పి కుర్చీకి తగిలించింది.

"బాయిలర్ బాగానే ఉందండీ. నేను ఇంత ఉంటాను. ఇప్పుడే చూసేయండి," అంది జయకృష్ణతో.

అతను చూశాడు. తర్వాత నెమ్మదిగా తన కోటు గుండీలు విప్పాడు. లోపల చొక్కా పొట్ట దగ్గర బిగుసుకుపోయి ఉంది. ఒక గుండీ ఎప్పుడో సెలవు తీసుకుంది.

"విప్పొద్దని నాకూ మా అత్తయ్య ఆర్డరండీ. ఊపిరి బిగబట్టలేక చస్తున్నాను," అన్నాడు. "ఆ అట్లు వేడి చేసుకుని తిందామా?"

ఇద్దరూ వంటింట్లోకి వెళ్ళారు. కాసేపటికి నవ్వులు వినిపించాయి.

హాల్లో గోడలకున్న రేడియేటర్లు కాలిపోతున్నాయి.

"అమ్మాయి కాస్త తగ్గాలేమోనండీ," అంది రత్నకుమారి, నుదుటి చెమట తుడుచుకుంటూ.

"మీ అబ్బాయి కూడానండీ," అంది ప్రభావతి, పేపరుతో విసురుకుంటూ.

అంత ఉక్కలోనూ గడ్డం దాకా పెట్టుకున్న కోటు గుండీ ఒక్కటైనా ఇద్దరిలో ఎవరూ విప్పలేదు. యాభై దాటినా, ఎదుటావిడ ఏమనుకుంటుందోనని.